బొమ్మలను నడిపించు యంత్రము: దాని నెన్నుకొను విధము

బొమ్మను జూపి కథ చెప్పుట మన సీమకు క్రొత్త విద్య కాదు. జనగామకు సమీపముననున్న చేర్యాలలో నకాషీలు పొడవైన గుడ్డపటములపై వరుసగా బొమ్మలు వ్రాయగా, కథకులు ఊరూర దిరిగి, పటమును కొంచెము కొంచెముగా విప్పుచు పురాణకథలను పాడి వినిపించెడివారు. ఆ పటములలో బొమ్మ కదలదు. కథకుని గొంతే దానిని కదలించెడిది. ఇప్పుడు బొమ్మయే నడచుచున్నది, పరుగెత్తుచున్నది, కన్నీరు విడుచుచున్నది. ఈ విద్యకు యానిమేషనని పేరు. అందు వస్తువునకు పొడవు, వెడల్పు, లోతు అను మూడు కొలతలను గల్పించి, నలువైపులనుండి చూడ వీలగునట్లు కంప్యూటరులో నిర్మించి నడిపించు పద్ధతిని త్రీడీ యానిమేషనందురు.

ఇది మన కిప్పుడు దూరదేశపు పని కాదు. హైదరాబాదునందు 2001లో స్థాపింపబడిన గ్రీన్ గోల్డ్ యానిమేషను సంస్థవారు 2008లో ఛోటా భీమును టెలివిజనున ప్రవేశపెట్టిరి. వారి మైటీ లిటిల్ భీమ్ 2019లో త్రీడీ రూపమున వెలువడినది. 2012లో విడుదలయైన ‘ఈగ’ చిత్రమునందలి ఈగను హైదరాబాదులోని మకుట సంస్థవారు కంప్యూటరులో సృజించిరి. ఆ పనికి జాతీయ పురస్కారము లభించినది. తెలంగాణ ప్రభుత్వమును 2016లో యానిమేషను, గేమింగు మొదలైన పరిశ్రమలకొరకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. గనుక మన బాలబాలికలు ఈ వృత్తిని గోరుట వింత గాదు.

అయితే జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని తలిదండ్రులు మమ్మడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. “సారూ, పిల్లవానికి ఏ కంప్యూటరు కొనియ్యవలెను? రెండు లక్షలది లేనిదే ఈ పని రాదందురు, నిజమేనా?” ప్రశ్న చిన్నది. దాని వెనుక అర యెకరము చేనో, తల్లి మెడలోని పుస్తెలతాడో ఉన్నది. అందుచేత మేము ఈ వ్యాసమున యంత్రమును, సాఫ్టువేరును ఎన్నుకొను క్రమమును వివరింప దలచితిమి. ధరలు నెలనెల మారుచుండును గనుక వానిని వ్రాయలేదు. తెలివితో ఎన్నుకొనుటకు వలసిన కారణములను మాత్రము చెప్పుదుము.

మొదట పని, పిదప సాఫ్టువేరు, కడపట యంత్రము

చాలమంది ముందుగా యంత్రమును కొని, దానితో నేమి చేయుదుమని పిదప ఆలోచింతురు. ఇది ఎద్దులను కొన్న తరువాత పొలము వెదకుట వంటిది. క్రమము దీనికి విపర్యయముగా నుండవలెను. ఏ పని చేయుదుమో మొదట నిశ్చయింపవలెను. ఆ పనికి ఏ సాఫ్టువేరు తగునో పిదప చూడవలెను. ఆ సాఫ్టువేరు ఏ యంత్రమును గోరునో కడపట విచారింపవలెను.

పని యనగా నేమో ఒక దృష్టాంతముచే దెలిసికొందము. మహబూబాబాదు జిల్లా దోర్నకలులో 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ కెథడ్రలును మన విద్యార్థి యొకడు త్రీడీలో నిర్మించి, దాని చుట్టును కెమెరా తిరుగుచుండగా బిషప్ అజరయ్యగారు మెట్లు దిగివచ్చునట్లు ఒక నిమిషపు చిత్రము తీయదలచెననుకొందము. మొదట గోడలు, స్తంభములు, గుమ్మటముల ఆకారములను నిర్మింపవలెను, ఇది మోడలింగు. వానికి రాతిరంగును, గరుకుదనమును పూయుట టెక్స్చరింగు. మనిషిబొమ్మలో ఎముకల వంటి కీళ్ల నమర్చుట రిగ్గింగు. తోలుబొమ్మకు పుల్లలు గట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఆ కీళ్లను బట్టి నడిపించుట యానిమేషను. ఎండయు నీడయు కల్పించుట లైటింగు. వీని నన్నింటిని లెక్కించి కంప్యూటరు ఒక్కొక్క చిత్రమును, అనగా ఒక్కొక్క ఫ్రేమును, వ్రాసి యిచ్చుట రెండరింగు. తుదకు ఆ ఫ్రేములకు మెరుగులు దిద్ది జతపరచుట కంపోజిటింగు.

ఈ దశలన్నియు యంత్రముయొక్క ఒకే భాగముపై భారము మోపవు. ఎన్నికలోని రహస్యమంతయు నిచ్చటనే యున్నది. మోడలింగు, రిగ్గింగు, యానిమేషను చేయునప్పుడు ప్రాసెసరులో ఒక్కొక్క కోరు ఎంత వేగముగా బనిచేయునన్నది ముఖ్యము. రెండరింగునందు ఎక్కువ కోర్లుగాని, మంచి గ్రాఫిక్సు కార్డుగాని ముఖ్యము. టెక్స్చరింగునందును, పెద్ద దృశ్యములందును మెమరీ ముఖ్యము. కాబట్టి బొమ్మలను నడిపించుటయే వృత్తిగా గోరువానికి, రెండరింగు చేయువానికి వలె ఖరీదైన యంత్రము అక్కరలేదు. పెద్ద సంస్థలలో రెండరింగు పనిని వేరుగా నున్న యంత్రముల సముదాయమే చేయును. దానిని రెండరు ఫారమందురు.

సాఫ్టువేరు సంగతి

సినిమా, టెలివిజను సంస్థలలో బొమ్మలను నడిపించుటకు విశేషముగా వాడబడునది ఆటోడెస్క్ కంపెనీవారి మాయా. ఇది 1998లో వెలువడినది. భవనములు, కట్టడముల చిత్రములకు అదే కంపెనీవారి త్రీడీఎస్ మ్యాక్స్ వాడుకలో నున్నది. ఇది విండోసుపై మాత్రమే పనిచేయును. నీరు, నిప్పు, పొగ, ధూళి మొదలైన వానిని పుట్టించుటకు కెనడా దేశపు హౌడినీ పేరెన్నికగన్నది. ప్రకటనలకును, అక్షరములను నడిపించుటకును జర్మనీ దేశపు సినిమా ఫోర్ డీ అనువైనది. ఇవి సొమ్ము చెల్లించి వాడుకొనవలసినవి. అయినను అర్హులైన విద్యార్థులకు ఆటోడెస్కువారు ఉచితముగా నిచ్చెదరు. హౌడినీకి అప్రెంటిస్ అను ఉచిత ప్రతి కలదు. ఈ ఉచిత ప్రతులు నేర్చుకొనుటకే గాని, వానితో డబ్బు సంపాదింపరాదు.

ఇక బ్లెండరు కథ వేరు. డచ్చి దేశస్థుడైన టాన్ రోసెండాల్ దీనిని 1994లో ఆరంభించెను. దానిని నడుపుచుండిన కంపెనీ 2002లో మూతపడగా, లోకమంతట నున్న అభిమానులు ఏడు వారములలో లక్ష యూరోలు చందా వేసి, దానిని విడిపించి, ఎల్లరి సొత్తుగా జేసిరి. నాటినుండి అది యెవరికైనను ఉచితము. దానితో చేసిన పనిని అమ్ముకొనుటకు సయితము అనుమతి కలదు. అది విండోసు, మ్యాకు, లినక్సు మూటియందును పనిచేయును. లాత్వియా దేశపు దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దానితోనే ‘ఫ్లో’ అను మాటలులేని చిత్రమును నిర్మించెను; 2025లో దానికి ఉత్తమ యానిమేషను చిత్రముగా ఆస్కారు లభించెను. ఆ చిత్రమును రెండరు చేయుటకు రెండరు ఫారము లేకయే, దర్శకుని సొంత కంప్యూటరు సరిపోయెను. కాని దాని నిర్మాణమునకు అయిదేండ్లకు పైగా పట్టినదనియు, మూడు దేశములలో అనేకులు పనిచేసిరనియు మరువరాదు. యంత్రము చిన్నదైనను శ్రమ చిన్నది కాదు.

కావున మా హితవు ఇది. నేర్చుకొనువారు బ్లెండరుతో ఆరంభింపవలెను. ఏదేని సంస్థలో ఉద్యోగము కోరుదురేని, ఆ సంస్థవారు ఏది వాడుదురో విచారించి, మాయాగాని హౌడినీగాని విద్యార్థి ప్రతిగా తెచ్చుకొని అభ్యసింపవలెను. ఒకదానిలో గట్టిపడినవాడు రెండవదానిని శీఘ్రముగా నేర్చును. ఏలయనగా మీటలు మారునుగాని నడకలోని తూకము మారదు.

దొంగప్రతులను గూర్చి ఒక మాట. ఖరీదైన సాఫ్టువేరును తాళము విరిచి ఉచితముగా బంచువారున్నారు. అది పరుల సొత్తును అపహరించుటయే. అది పాపమగుటయేగాక, ఆ ప్రతులవెంట వైరసులు వచ్చి నెలల పనిని నాశనము చేయును. ఉచితమైన సాధనము న్యాయముగానే దొరకుచుండగా దొంగిలించుటకు సాకు లేదు.

యంత్రభాగములు

బ్లెండరు నిర్మాతలు తమ సాఫ్టువేరునకు కనిష్ఠముగా నాలుగు కోర్ల ప్రాసెసరును, 8 జీబీ ర్యామును, 2 జీబీ మెమరీగల గ్రాఫిక్సు కార్డును గోరుదురు. ఎనిమిది కోర్లును, 32 జీబీ ర్యామును, 8 జీబీ గ్రాఫిక్సు మెమరీయును ఉండిన మంచిదందురు. ఈ రెండు గీతల నడుమనే మన విద్యార్థుల అవసరము తీరును.

ర్యాము పనిబల్ల వంటిది. బల్ల చిన్నదైన యెడల వస్తువులను మాటిమాటికి క్రింద బెట్టి పైకి దీయవలసి వచ్చును. 16 జీబీతో ఆరంభించి, మదరుబోర్డునందు మరియొక కడ్డీకి చోటుంచుకొనిన, పిమ్మట 32 జీబీ చేసికొనవచ్చును.

గ్రాఫిక్సు కార్డు విషయమున జనులు పేరును, సంఖ్యను జూచి మోసపోవుదురు. చూడవలసినది దాని సొంత మెమరీ. దృశ్యమంతయు అందులో పట్టనియెడల రెండరింగు నిలిచిపోవును, లేదా మిక్కిలి మందగించును. దృష్టాంతముగా, ఎన్విడియావారి ఆర్.టి.ఎక్స్. 3060 కార్డు 2021లో 12 జీబీ మెమరీతో వచ్చినది. 2023లో వచ్చిన 4060కి 8 జీబీ మాత్రమే. క్రొత్తది వేగమైనదే, కాని పెద్ద దృశ్యము పాతదానిలో బట్టి క్రొత్తదానిలో బట్టకపోవచ్చును. రెండు కార్డులు పెట్టినను వాని మెమరీలు సాధారణముగా ఒకటిగా కూడవని యెరుగవలెను. మరియు, కొన్ని రెండరింగు సాఫ్టువేరులు ఎన్విడియా కార్డులతోనే చక్కగా బనిచేయును. గనుక సాఫ్టువేరును నిశ్చయించిన పిదపనే కార్డును కొనవలెను.

మెమరీ తక్కువైనప్పుడు తెలివియే మెమరీ. దోర్నకల్ కెథడ్రలులోని ఒకేతీరు స్తంభములను వేర్వేరుగా నిర్మించిన కంప్యూటరు వానినన్నింటిని విడివిడిగా మోయవలెను. ఒక్క స్తంభమును జేసి, తక్కినవానిని దానికే ముడివడిన ప్రతిరూపములుగా నిలిపినచో, అది యొక్కదాని బరువును మాత్రమే మోయును. దూరమునందలి గోడకు పెద్ద చిత్రము పూయక చిన్నది పూయుటయు ఇట్టిదే. ఈ నేర్పు లేనివానికి ఎంత యంత్రమైనను చాలదు.

భద్రపరచుకొనుటకు ఎస్.ఎస్.డి. ఒకటి తప్పక యుండవలెను. పాత హార్డుడిస్కును నకళ్ల కుపయోగింపవచ్చును. ముఖ్యమైన పనికి మూడు ప్రతులుండవలెననియు, అవి రెండు విధములైన సాధనములలో నుండవలెననియు, అందొకటి మరియొక యింటనుండవలెననియు ఈ వృత్తిలో నియమము. మానిటరు ఐ.పి.ఎస్. రకముదై, రంగులు నిజముగా జూపవలెను. మౌసునకు మూడు మీటలుండవలెను. కీబోర్డునకు కుడివైపున అంకెలవరుస యున్న బ్లెండరులో దృశ్యమును త్రిప్పుకొనుట సులభము. పెన్ను టాబ్లెట్టు శిల్పమువంటి పనికిని, రంగుపూతకును మేలు. బొమ్మలు నడుపుటకు ఆవశ్యకము గాదు.

కాలపు లెక్క

పెద్ద యంత్రము కావలెనా వద్దా యనుదానిని లెక్కచేసి తేల్చవలెను. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఒక నిమిషమునకు 1,440. ఒక్కొక్క ఫ్రేమునకు అయిదు నిమిషములు పట్టినచో మొత్తము 7,200 నిమిషములు, అనగా 120 గంటలు, అయిదు రాత్రింబవళ్లు. యంత్రము 500 వాట్లు లాగినయెడల 60 యూనిట్ల కరెంటు ఖర్చగును. ఒక్కొక్క ఫ్రేము ఒక్క నిమిషములో ముగిసినచో ఒక్కరోజుతో పని తీరును. చిత్రమును 1920 చుక్కల వెడల్పునకు బదులు 3840 చుక్కలతో చేసిన, చుక్కల సంఖ్య నాలుగింతలై, కాలమును సుమారు నాలుగింతలగును.

1995లో ‘టాయ్ స్టోరీ’ తీసినవారు 117 యంత్రములను రేయింబవళ్లు నడిపిరి. ఒక్కొక్క ఫ్రేమునకు 45 నిమిషములు మొదలు 30 గంటల వరకు పట్టెను. వారితో పోల్చిన మన సాధారణ యంత్రము ధనవంతమైనదే. పరీక్షా చిత్రములను సగము వెడల్పు, సగము ఎత్తుతో తీసిన కాలము నాలుగవవంతగును. తక్కువ లెక్కలతో వచ్చిన గరుకుచిత్రమును నునుపు చేయు డినాయిజరు బ్లెండరులో ఉచితముగా నున్నది. షీపిట్ అను ఏర్పాటులో, నాట్లకాలమున ఒకరి పొలమునకు మరియొకరు బదులు పోవునట్లు, ఒకరి రెండరింగును మరియొకరి యంత్రములు ఉచితముగా జేసిపెట్టును. ఇవన్నియు చేసిచూచిన పిదపను గడువు దాటుచున్నయెడల అప్పుడు పెద్దకార్డు కొనుట న్యాయము.

మన ఊళ్ల స్థితిగతులు

నగరమున వ్రాయబడిన సలహాలు మన యెండను, మన కరెంటును ఎరుగవు. మే నెలలో మన జిల్లాలలో ఎండ 40 డిగ్రీలు దాటును. ప్రాసెసరు తనలోని వేడి 95, 100 డిగ్రీల దాపునకు రాగా తన్ను కాపాడుకొనుటకు తానే వేగమును తగ్గించుకొనును. సన్నని ల్యాప్‌టాపులలో గాలికి చోటు తక్కువ గనుక ఈ లోపము మిక్కుటము. భాగములు మార్చుటయు కష్టము. హాస్టలులో నుండి తిరుగువారికి ల్యాప్‌టాపు తప్పదు. ఇంటనుండి పనిచేయువారికి అదే సొమ్ముతో డెస్కుటాపు మేలు. దానిని చెక్కబీరువాలో నిరికింపరాదు. భూపాలపల్లి బొగ్గుగనుల చుట్టుపట్ల ధూళి యెక్కువ గనుక నెలకొకసారి విప్పి దుమ్ము తీయవలెను. రెండరింగును రాత్రివేళ పెట్టవలెను.

మన భూపాలపల్లి జిల్లాలోనే చెల్పూరు వద్ద 1,100 మెగావాట్ల కాకతీయ తాపవిద్యుత్కేంద్ర మున్నది. అయినను గాలివానకు తీగ తెగిననాడు మనయింట దీపముండదు. అందుచేత యు.పి.ఎస్. అవసరము. దానిపై వ్రాసిన వి.ఏ. సంఖ్యను జూచి తృప్తిపడక వాట్ల సంఖ్య చూడవలెను, 600 వి.ఏ. వానిలో అనేకము 360 వాట్లు మాత్రమే మోయును. గోడలో ఎర్తింగు సరిగానున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయవలెను. పవరు సప్లై చవుకది కొని గొప్పకార్డు తగిలించుట, దారపు త్రాటితో దున్నపోతును గట్టుట వంటిది.

మరియొక ఉపాయము ఖర్చులేనిది. రెండరింగును ఒక్క వీడియోగా గాక, ఫ్రేమునకొక బొమ్మగా భద్రపరచవలెను. వీడియోగా తీయుచుండగా 900వ ఫ్రేమువద్ద కరెంటు పోయిన, చేసినదంతయు వ్యర్థమగును. బొమ్మలుగా తీసినచో మరల 901 నుండి సాగింపవచ్చును.

తలిదండ్రులకు మనవి

ఆరంభించువానికి 16 జీబీ ర్యాముతో నడిమిరకపు యంత్రమును, బ్లెండరును చాలును. ఇంటిలోనున్న యంత్రము 8 జీబీదైనను, క్రొత్తది కొనక దానితోనే ఆరునెలలు అభ్యసింపవచ్చును. ఆ ఆరునెలలలో పిల్లవాడు బంతి యెగురుటను, మనిషి నడచుటను, బరువెత్తుటను నమ్మదగినట్లు నడిపించి చూపెనా? అట్లయిన రెండవ మెట్టునకు, అనగా 32 జీబీకిని, మంచి కార్డునకును, సొమ్ము పెట్టవచ్చును. జీతము వచ్చుపని దొరకినపిదప ఆ పని కోరిన యంత్రమును ఆ పని సొమ్ముతోనే కొనవలెను. చేను తాకట్టుపెట్టి మొదటనే మూడవ మెట్టెక్కుట తగదు.

ఏలయనగా ఈ వృత్తి నిలుకడలేనిది. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రమునందలి పులిని సృజించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదునందును శాఖ యుండెడిది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా తీసెను; ఆ నెలలోనే ఆ పనికి ఆస్కారు వచ్చెను. బహుమానమును దివాలాయును ఒకే నెలలో వచ్చుట ఎంత విచిత్రము! సంస్థ పోయినను అందు పనిచేసినవారి చేతిలోని విద్య పోలేదు. యంత్రము నాలుగైదేండ్లలో పాతబడును. సాఫ్టువేరు పేర్లు మారును. మనుష్యుడు నడచునప్పుడు బరువు ఏ కాలిపై బడునో కనిపెట్టిన కన్ను పాతబడదు.

గోపురము కట్టబోవువాడు ముందే వ్యయమును విచారించుకొనవలెనను సువార్తలోని హితవును మన మెరుగుదుము. ఆ విచారణలో పిల్లవానిని సయితము కూర్చుండబెట్టుకొనుడు. ఏ పని చేయుదువు, ఏ సాఫ్టువేరుతో చేయుదువు, ఒక్కొక్క ఫ్రేమునకు ఎన్ని నిమిషములు పట్టుచున్నవి అని యడుగుడు. ఈ మూడు ప్రశ్నలకు లెక్కతో జవాబు చెప్పగలిగిన పిల్లవానికి యంత్రము కొనియిచ్చుటకు జంకవలదు. చెప్పలేనివానికి నేడు కావలసినది కాగితమును, పెన్సిలును, కొంత ఓపికయును మాత్రమే.